రెండు నిమిషాల ఫ్యాక్స్

నాకు ఫుట్‌బాల్ తెలియదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ ఎవరైనా అడిగితే నీళ్ళు నములుతాను. అలాంటివాణ్ణి నాలుగేళ్ళ పాటు ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఆఫీసులో కూర్చుని, ఏ ఆటగాడు ఉండాలో ఏ ఆటగాడు పోవాలో తేల్చే కాగితాలన్నీ టైపు చేశాను. లోకం ఇలాగే నడుస్తుంది మరి.

2002లో నెల్లూరు నుంచి దుబాయ్ వెళ్ళాను. మా ఇంట్లో వాళ్ళ లెక్కలో అదంతా దుబాయే. నేను నిజంగా దిగింది మాత్రం ఖోర్ ఫక్కాన్‌లో, పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో. రెండేళ్ళు అక్కడ గుమాస్తాగిరీ చేశాక ఈ క్లబ్బులో చేరాను. చిన్నప్పుడు మదరసాలో దెబ్బలు తిని నేర్చుకున్న అరబ్బీ అక్షరాలు అప్పుడు కూడు పెట్టాయి. క్లబ్బు ఖోర్ ఫక్కాన్‌ది కాదు, తీరం వెంట ఇంకాస్త దూరంలో ఉండేది. పేరు చెప్పను. తప్పు చేసింది క్లబ్బు కాదు, నేను.

అప్పటికింకా అక్కడి లీగు పూర్తిగా ప్రొఫెషనల్ కాలేదు. స్థానికులైన ఆటగాళ్ళలో చాలామందికి పగలు పోలీసులోనో మునిసిపాలిటీలోనో ఉద్యోగాలుండేవి, సాయంత్రం ఆట. పక్కా కాంట్రాక్టులు విదేశాల నుంచి తెచ్చుకున్నవాళ్ళకే. లిస్టులో విదేశీయులకు ఉండే చోట్లు చాలా కొద్ది. అందుకే ఒకణ్ణి తేవాలంటే ఇంకొకణ్ణి పంపాలి.

కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు తన ఇష్టం వచ్చిన చోటికి పోవచ్చని టీవీ చూసేవాళ్ళు అనుకుంటారు. అదంతా వట్టిది. అతని వీసా క్లబ్బుది, అతని కఫీల్, అంటే పూచీదారు, క్లబ్బు, అతని పాస్‌పోర్టు నా వెనక బీరువాలో ఉండేది. ఇంకో క్లబ్బులో చేరాలంటే "ఇతన్ని మేము వదిలేశాం, మాకు అభ్యంతరం లేదు" అని మేము రాసిన విడుదల కాగితం గడువులోగా ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆఫీసుకు చేరాలి. చేరకపోతే ఆ సీజన్ అతనికి ఖలాస్.

మా క్లబ్బులో ఎవరూ ఎవరికీ "నువ్వు వద్దు" అని మొహం మీద చెప్పేవాళ్ళు కాదు. మర్యాదస్తులు. మా ముదీర్, అంటే టీము మేనేజరు, ఆ మాట చెప్పాల్సి వస్తే పాపం జ్వరం వచ్చినవాడిలా అయిపోయేవాడు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. నేను పాస్‌పోర్టును గోధుమరంగు కవర్లో పెట్టి తీసుకెళ్ళి ఆటగాడి చేతికివ్వాలి. కవరు అందుకున్నవాడికి ఇక మాటలతో చెప్పే పని లేదు. ఆ కవరుతో నేను గ్రౌండు వైపు నడిస్తే విదేశీ ఆటగాళ్ళంతా బూట్ల లేసులు కట్టుకుంటున్నట్టు తలలు దించుకునేవాళ్ళు. నేనేదో యమదూతనైనట్టు! మొదట్లో నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది, అబద్ధమెందుకు.

వాళ్ళలో ఒకతను పశ్చిమ ఆఫ్రికావాడు. మైదానం మధ్యలో ఆడేవాడు. మా దగ్గర రెండు సీజన్లు ఆడాడు. రోజూ వ్యాయామం కాగానే తడి జుట్టుతో నా గదికి వచ్చి, నా కెటిల్లో టీ తనే పోసుకుని, "సదీక్, నీ చక్కెర ఏమైంది, కరువా?" అనేవాడు. సదీక్ అంటే నేస్తం. మా ఇద్దరిదీ ముక్కల అరబ్బీ, ముక్కల ఇంగ్లీషు. అందులోనే బోలెడు కబుర్లు. ముప్పై మూడేళ్ళు దాటాయి. ఎడమ మోకాలు వాచేది. ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి మోకాలికి కట్టుకుని నా కుర్చీలో కూర్చునేవాడు, నేను స్టూలు మీద కూర్చునేవాణ్ణి.

"ఇంకో రెండేళ్ళు చాలు" అనేవాడు. "ఆటను నేను మానెయ్యాలి. ఆట నన్ను మానెయ్యకూడదు."

2006 వేసవిలో అతని కాంట్రాక్టు ముగిసింది. మాకు ఆ ఏడు మిగిలింది ఒక్క చోటే. ముదీర్ బ్రెజిల్ నుంచి ఒక కుర్ర ఫార్వర్డును మాట్లాడి పెట్టుకున్నాడు. కానీ ఆ కుర్రాడు వచ్చి మెడికల్ పాసయ్యేదాకా పాతవాణ్ణి వదలడానికి భయం. చేతిలో ఒకడైనా ఉండాలి కదా. అదే సమయంలో అబూ ధబీ వైపు, మఫ్రఖ్ దాటాక ఉన్న ఇంకో క్లబ్బు మా ఆఫ్రికా ఆటగాణ్ణి రమ్మంది. రెండేళ్ళ కాంట్రాక్టు. వాళ్ళ డాక్టరు అతని మోకాలు చూసి సరేనన్నాడు. ఇంకేం కావాలి? మా విడుదల కాగితం కావాలి.

ఆగస్టు అంతా అతను నన్ను అడుగుతూనే ఉన్నాడు. ముదీర్ "రేపు, ఇన్షా అల్లా" అంటూనే ఉన్నాడు. మధ్యలో నేను. "నీ పేరు మా లిస్టులో ఉంది, భయపడకు" అని ధైర్యం చెప్పేవాణ్ణి. పేరు ఉన్నమాట నిజమే. ఎందుకు ఉంచారో నాకు తెలుసు, అది మాత్రం చెప్పలేదు.

ఆ నెల నా సొంత గోల కూడా ఒకటుంది. పెళ్ళయి మూడేళ్ళయినా నా భార్య నెల్లూరులోనే ఉంది. ఆ ఏడే జీతం పెరిగి ఆమెకు వీసా వేసే అర్హత వచ్చింది. సెప్టెంబరు ఆఖర్లో రంజాన్. ఉపవాసాలు మొదలైతే ఆఫీసులు సగం పూటే నడుస్తాయి, కాగితాలు కదలవు. ఆమె రంజాన్‌కు ముందే రావాలని నా పట్టుదల. ఫోన్లో ఆమె, "మూడేళ్ళ నుంచి వస్తా ఉండాది వీసా. నడిచొస్తుందా ఏంది?" అని దెప్పేది. ఆ మాట పడుతుంటే నాకు పౌరుషం వచ్చేది.

సరిగ్గా ఆ సెప్టెంబరులోనే దేశంలో వారాంతం మారింది. అంతవరకూ సర్కారు ఆఫీసులకు గురు, శుక్రవారాలు సెలవు. ఇక నుంచి శుక్ర, శనివారాలన్నారు. జనం బుర్రలు తిరిగిపోయాయి. శనివారం పొద్దున్నే వెళ్ళి మూసిన తలుపుల ముందు నిలబడి తిట్టుకున్నవాళ్ళు ఎందరో. అసోసియేషన్‌వాళ్ళు విడుదల కాగితాలకు ముందు పెట్టిన గడువు శనివారం. సెలవులు మారడంతో ఇంకో ఫ్యాక్స్ పంపారు: గడువు గురువారం మధ్యాహ్నం రెండు గంటలకే ముగుస్తుంది. ఆ ఫ్యాక్సును మిషన్లోంచి తీసింది నేను, చదివింది నేను, ఫైల్లో పెట్టింది నేను.

బుధవారం ముదీర్ విడుదల కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. "నేను చెప్పేదాకా పంపకు" అన్నాడు. గురువారం పొద్దున పదింటికి దుబాయ్ ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు. బ్రెజిల్ కుర్రాడు పాసయ్యాడు. "పంపెయ్, ఖలాస్!" అన్నాడు సంతోషంగా.

నేను ఫ్యాక్స్ మిషన్ దగ్గరికి వెళ్ళాను. నంబరు కొట్టాను. ఎంగేజ్. మళ్ళీ కొట్టాను. ఎంగేజ్. ఆఖరి రోజు కదా, దేశంలోని క్లబ్బులన్నీ అదే నంబరు మీద పడి ఉంటాయి. కింద హారన్ మోగింది. ఖోర్ ఫక్కాన్‌లో నా గదిలోనే ఉండే కరీంనగర్ తమ్ముడు, పోర్టులో పికప్ నడిపేవాడు, ఆ పూట సెలవు పెట్టి నన్ను షార్జా ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్తానని వచ్చాడు. గురువారం కూడా ఇప్పుడు ఆఫీసు ఉంటుంది కదా, పోయిన వారం దాకా దొరకని రోజు కదా, ఆ రోజే పని చక్కబెట్టుకోవాలని నేనే ప్లాను వేశాను. ముదీర్ దుబాయ్‌లో ఉన్నాడు కాబట్టి అడగకుండానే బయల్దేరుతున్నాను.

తమ్ముడు మెట్లెక్కి వచ్చేశాడు. "ఏందన్నా, ఇంకెంతసేపు? గాడ ఒంటిగంటకు కిటికీ మూస్తరు. తొవ్వ గంటన్నర ఉంది. యల్లా!"

"ఒక్క ఫ్యాక్సు పంపాలి రా, రెండు నిమిషాల పని."

"పోతలేదు గద? అచ్చినంక పంపుకో. వదినె వీసా కన్న ఎక్కువనా గది?"

ఆ పిల్లవాణ్ణి నేను తప్పుపట్టను. ఆ కాగితం ఏమిటో వాడికి తెలియదు. నాకు తెలుసు. మూడోసారి కొట్టి ఉంటే వెళ్ళేదేమో. పది నిమిషాలు ఆగి ఉంటే తప్పకుండా వెళ్ళేది. నేను కాగితాన్ని మిషన్ మీద పెట్టి, గాలికి పోకుండా స్టేప్లరు బరువు పెట్టి, మెట్లు దిగాను.

కొండల మధ్య దారిలో ఒకసారి గుర్తుకొచ్చింది. ఆఫీసులో కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు. ముదీర్‌కు ఫోన్ చేస్తే ఇంకెవరితోనైనా పంపించేవాడు. కానీ "నువ్వెక్కడున్నావ్?" అని అడుగుతాడు కదా. ఏం చెప్పను? ఫోన్ జేబులోనే ఉంచుకున్నాను. రెండులోపు తిరిగొచ్చేస్తాంలే అనుకున్నాను. పదింటికి బయల్దేరినవాణ్ణి ఒంటిగంట దాకా మూయని కిటికీ దగ్గర పని ముగించుకుని, మళ్ళీ గంటన్నర ప్రయాణం చేసి, రెండులోపు ఎలా వస్తాను? లెక్క రానివాణ్ణి కాదు. ఆ రోజు లెక్క వేయడం నాకు ఇష్టం లేదు, అంతే.

కిటికీ దగ్గర నిలబడ్డాక, నిజం చెప్తున్నాను, ఆ ఆటగాడు నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఒంటిగంటకు నా భార్య పేరున్న కాగితం నా చేతికొచ్చింది. ఆమె ఫోటో మీద ముద్ర పడి ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తమ్ముడు నా వీపు మీద చరిచి, "ఇగ పార్టీ ఇయ్యాలె" అన్నాడు. ఒక గుజరాతీవాళ్ళ దుకాణంలో కిలో మిఠాయి కొన్నాను. బిర్యానీ తిన్నాం కూడా.

ఆఫీసుకొచ్చేసరికి మూడున్నర దాటింది. ఫ్యాక్స్ నంబరు కొట్టాను. మొదటిసారికే వెళ్ళిపోయింది! అసోసియేషన్‌కి ఒకటి, అబూ ధబీ వైపు క్లబ్బుకి ఇంకొకటి.

సాయంత్రం అతను వచ్చాడు. మిఠాయి డబ్బా తెరిచి పెట్టాను. సంగతేమిటన్నాడు. "నా భార్య వస్తోంది. పొద్దున షార్జా వెళ్ళాను, ఒక్క పూటలో పనైపోయింది" అని ఉబ్బిపోతూ చెప్పాను. "మబ్రూక్, సదీక్, మబ్రూక్!" అంటూ నన్ను ఎత్తి గిరగిరా తిప్పినంత పని చేశాడు. రెండు లడ్లు తిన్నాడు. వేళ్ళు తుడుచుకుంటూ, "నా కాగితం?" అని అడిగాడు.

"పంపాను" అన్నాను.

అబద్ధం కాదు కదా. ఛీ, ఆ నిజం కంటే అబద్ధమే నయం.

ఆదివారం అసోసియేషన్ నుంచి ఫోన్ వచ్చింది. కాగితం గడువు దాటాక అందింది, చెల్లదు. ముదీర్ మొహం ఎర్రబడింది. నా నోట్లోంచి సమాధానం ఎలా వచ్చిందో, ఎప్పుడు తయారుచేసుకున్నానో నాకే తెలియదు. "సార్, గడువు శనివారమనే గుర్తుంది. ఈ సెలవులు మారేసరికి తికమకపడ్డాను" అన్నాను. ముదీర్ ఒక్క క్షణం చూసి, తల కొట్టుకుని నవ్వేశాడు. ఆయన కూడా ముందు రోజు ఏదో సర్కారు ఆఫీసుకు వెళ్ళి మూసిన గేటు చూసి వచ్చాడట. "ఈ వారం దేశమంతా పిచ్చెక్కింది" అన్నాడు. అసోసియేషన్‌లో తెలిసినవాళ్ళకు నాలుగు ఫోన్లు చేశాడు పాపం. లాభం లేకపోయింది. ఆ వారమంతా ఎవరేం తప్పు చేసినా ఆ సాకు చెల్లింది. నాదీ చెల్లింది. గురువారం సర్కారు ఆఫీసులు తెరిచే ఉంటాయని తెలిసే కదా నేను షార్జాకు పరిగెత్తింది! ఆ ఒక్క ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

అబూ ధబీ వైపు క్లబ్బు రెండు రోజుల్లో ఇంకొకణ్ణి చూసుకుంది. వాళ్ళు ముందే పేర్లు ఇచ్చి పెట్టుకున్న ఆటగాళ్ళలోంచే ఎవరినో తీసుకున్నారట. మిగతా క్లబ్బులన్నీ నిండిపోయాయి. గోధుమరంగు కవరు పట్టుకుని అతని ఫ్లాటుకు నేనే వెళ్ళాను. అతను తలుపు తీసి, కవరు అందుకున్నాడు, లోపల పాస్‌పోర్టు ఉందో లేదో చూసుకోలేదు కూడా.

"సెలవులు మారడం వల్ల పొరపాటు జరిగింది" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

తలూపాడు. ఆ తలూపడం చూసి, నమ్మాడనుకుని, లోపల ఊపిరి పీల్చుకున్నాను. అంత నీచంగా సంతోషపడ్డ సందర్భం నా జీవితంలో ఇంకొకటి లేదు.

తర్వాతి వారం దుబాయ్ ఎయిర్‌పోర్టుకు కరీంనగర్ తమ్ముడి పికప్‌లోనే తీసుకెళ్ళాం. ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం, అతను కిటికీ వైపు, నేను మధ్యలో. రెండు గంటల దారి. మౌనంగా ఉండటం నా వల్ల కాలేదు. దారంతా ఏదేదో వాగుతూనే ఉన్నాను. అతను "అవును", "కదా" అంటూ వచ్చాడు. ఎయిర్‌పోర్టు దగ్గర సామాను దింపి, నన్ను కావలించుకుని, వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అతను ఇంకే క్లబ్బుకూ ఆడలేదు. సెప్టెంబరులో టీము లేని ముప్పై మూడేళ్ళ మనిషిని, అందులోనూ మోకాలు వాచినవాణ్ణి, మళ్ళీ ఆటగాళ్ళను తీసుకునే జనవరి వచ్చినా ఎవరు పిలుస్తారు? ఈ సంగతి నాకు మా టీము మసాజు మనిషి ద్వారా తెలిసింది. ఎవరైనా అతని పేరెత్తితే చాలు, నేను అడగకుండానే సెలవుల మార్పు సంగతి మొదలుపెట్టేవాణ్ణి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

నా భార్య రంజాన్‌కు వారం ముందే వచ్చింది. ఆమెకు ఏడాది దాకా చెప్పలేదు. చెప్పిన రోజు చేపలు కడుగుతున్న చేతులు ఆపి నా వైపు చూసింది.

"అంటే ఆ మనిషి కూడు పోయింది నా వల్లంటావు."

"నీ వల్లని ఎవరన్నారు?"

"మరి నాకెందుకు చెప్తన్నావు? నేనేమన్నా ఫుట్‌బాల్ ఆడతానా? ఆయనకి చెప్పు. నంబరు ఉండాది గదా."

నంబరు ఉంది. ఆమె నెలకోసారి అడిగేది, "చేసినావా?" అని. పనుందనేవాణ్ణి. అక్కడ అర్ధరాత్రనేవాణ్ణి. ఆ దేశంలో ఎప్పుడు చూసినా అర్ధరాత్రేనా అని ఆమె ఎగతాళి చేసేది.

2008లో లీగును ప్రొఫెషనల్ చేస్తున్నారని క్లబ్బులో హడావుడి మొదలైంది. కొత్త కాంట్రాక్టు ఫారాలు, కొత్త కంప్యూటర్లు. ఆ హడావుడిలో ఒక పగటి పూట ఫోన్ మోగింది. అతనే. గొంతు మారలేదు. వాళ్ళ ఊళ్ళో పిల్లలకు ఆట నేర్పుతున్నాడట. కోచింగ్ కోర్సులో చేరడానికి, మా దగ్గర ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఆడాడో, ఏ తేదీన విడుదలయ్యాడో రాసిన ఉత్తరం కావాలట. తప్పకుండా పంపుతానన్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"ఆ కాగితం... ఆ గురువారం..." అని మొదలుపెట్టాను.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అబూ ధబీవాళ్ళు నాకు ఆ ఫ్యాక్స్ చూపించారు. కాగితం పైన టైము ఉంటుంది కదా, మూడూ నలభై. ముదీర్ పదింటికే పంపమన్నాడని ఆయనే చెప్పాడు. పొద్దున షార్జా వెళ్ళొచ్చానని నువ్వు చెప్పావు. మిఠాయి తిన్నాను కదా."

"మరి ఎందుకు అడగలేదు నన్ను?" అన్నాను.

"భార్య కోసం వెళ్ళావు. నేనైనా వెళ్ళేవాణ్ణేమో. ఆ రోజే అనుకున్నాను అది." వెనక ఎక్కడో పిల్లల అరుపులు, బంతి తన్నిన చప్పుడు వినిపించాయి. "ఎయిర్‌పోర్టుకు వెళ్ళేటప్పుడు రెండు గంటలు నీ పక్కనే కూర్చున్నాను. ఇప్పుడు చెప్తాడు, ఈ మలుపు దాటాక చెప్తాడు అనుకుంటూ కూర్చున్నాను. నువ్వు ఎండ గురించి మాట్లాడావు."

అవును. ఈ ఏడు ఎండ మరీ ఎక్కువగా ఉందని, సెప్టెంబరు వచ్చినా తగ్గలేదని, కొండల అవతల ఇంకా ఎక్కువని, రెండు గంటల సేపు అదే మాట్లాడాను.